చెరువు గట్టు మీది గబ్బిలాల చెట్లు: కొట్టేయాలా, ఉంచాలా?

గౌతమిగట్టు (కోనసీమ)

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేటకు దగ్గర్లో ఒక ఊరు. ఊరి చెరువు గట్టు మీద ఒక మర్రి, రెండు నిద్రగన్నేరు చెట్లు, వాటి వెనక ముసలి చింత ఉన్నాయి. మా తాతగారి చిన్నతనం నుంచీ పెద్ద గబ్బిలాలు వాటి మీదే ఉంటున్నాయి. దీపాలు పెట్టే వేళకు లేచి కొబ్బరితోటల మీదుగా పోతాయి, తెల్లవారేసరికి తిరిగి వస్తాయి. ఇన్నేళ్లూ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వార్తలు వచ్చినప్పటి నుంచి, ఫోన్లలో తిరిగే సందేశాలు చూసినప్పటి నుంచి ఊళ్లో భయం పట్టుకుంది. మొన్నటి గ్రామసభలో చెట్లు కొట్టించాలని కొందరు, టపాసులు కాల్చి తరిమితే చాలని కొందరు పట్టుబట్టారు. చెట్ల పక్కనే అంగన్‌వాడీ ఉంది. రెట్టల వాసన గురించి, నేల మీద పడే పిప్పి గురించి అక్కడి ఆయా చెప్పేది నిజమే. తోటల వాళ్లు చెప్పే నష్టమూ నిజమే.

నాకు ఆ చెట్లు ఉండాలని ఉంది. అయితే నా ఇష్టం చెబితే సభలో ఎవరూ వినరు. వచ్చే నెల మళ్లీ సభ పెడుతున్నారు. ఈలోగా తెలిసినవాళ్లు చెప్పండి. వీటి వల్ల మన దగ్గర జబ్బు వస్తుందా? తరిమితే పోతాయా? చట్టం ఏమంటుంది? పండ్లతోటల వాళ్లకు ఏం సమాధానం చెప్పాలి?

జువాలజీ మాస్టారు (అమలాపురం)

బాబూ, చెట్టు మీద గొడ్డలి పడకముందే అడిగారు, సంతోషం. కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కొంచెం వివరంగానే చెబుతాను, ఓపికగా చదవండి.

మీ చెట్ల మీద ఉన్నవి మన దేశంలోకెల్లా పెద్ద గబ్బిలాలు. శాస్త్రీయ నామం టెరోపస్ మీడియస్. పాత పుస్తకాల్లో టెరోపస్ జైగాంటియస్ అని ఉంటుంది. రెక్కలు చాపితే నాలుగు నుంచి ఐదు అడుగులు, బరువు కిలోన్నర దాకా. గుడి గోపురాల్లో, పాత మేడల్లో ఉండే చిన్న గబ్బిలాలు వేరే జాతులు. అవి సన్నని కూత వేసి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి చీకట్లో పురుగును పట్టుకుంటాయి. రాత్రిపూట వరిచేల మీద ఎగిరే పురుగులను ఏరుకు తినేవి అవే. మీ దగ్గరున్నవి మాత్రం చూపు మీద, వాసన మీద ఆధారపడతాయి. వాటి తిండి పండ్లు, పూలతేనె, కొంచెం ఆకు. పురుగు ముట్టవు, రక్తం ముట్టవు. వీటికి తోడు పొట్టిముక్కు పండ్లగబ్బిలం అనే చిన్న జాతి కూడా మన ఊళ్లలో ఉంది. తాటిచెట్టుకు వేలాడే ఎండుమట్టల కింద చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది. పెరట్లో జామపండు కొరికి పోయేది చాలాసార్లు అదే. నింద మాత్రం పెద్దదాని మీద పడుతుంది.

ఇవి పండును నోట్లో నలిపి రసం మింగి పీచును ఉమ్మేస్తాయి. అంగన్‌వాడీ దగ్గర మీరు చూసే పిప్పి అదే. మర్రి, రావి, మేడి, జువ్వి పండ్లలోని సన్నగింజలు అరగంట తిరక్కుండానే రెట్టలో పడిపోతాయి. అంటే తిన్న చెట్టు దగ్గర పడవు, దారిలో ఎక్కడో కాలువ గట్టు మీద, బీడులో పడతాయి. పెద్దగింజ పండ్లయితే, అంటే బాదం, పొన్న, నేరేడు, జీడిమామిడి వంటివయితే, కొరికి పట్టుకుపోయి మరో చెట్టు మీద తిని గింజను అక్కడ వదిలేస్తాయి. బూరుగు, ఇప్ప పూలు రాత్రిపూట తేనె ఇస్తాయి. వాటి పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోసేవాటిలో గబ్బిలాలు ముఖ్యమైనవి. పైన రంపచోడవరం ఏజెన్సీలో ఇప్పపువ్వు ఏరుకుని, ఇప్పనూనె తీసుకుని బతికే ఇళ్లెన్నో ఉన్నాయి. ఆ చెట్టు కాయ కాయడంలోనూ, గింజ కొత్తచోట మొలవడంలోనూ వీటి పాలు ఉంది. ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరిగి ఇంత పని చేసే జంతువు మన డెల్టాలో మరొకటి లేదు.

ఇక సంతానం. సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్ల. ఫిబ్రవరి నుంచి మే లోపు ఈనుతాయి. మొదటి వారాల్లో తల్లి పిల్లను పొట్టకు కరిపించుకునే ఎగురుతుంది. పిల్ల సొంతంగా ఎగరడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. బోనులో పెంచినవి ముప్పై ఏళ్లు దాటి బతికిన దాఖలా ఉంది. నిదానంగా కని ఎక్కువకాలం బతికే జంతువును గుంపుగా చంపితే ఆ లోటు తీరడానికి ఒక తరం పడుతుంది.

చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లగబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల షెడ్యూలులో పెట్టారు. ఎవరు చంపినా అడిగేవాళ్లు లేరు. 2022 సవరణ ఆ షెడ్యూలునే తీసేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఇప్పుడు ఈ పెద్ద గబ్బిలం రెండో షెడ్యూలులో ఉంది, చంపితే నేరం. చెట్ల విషయానికొస్తే 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉండనే ఉంది. అనుమతి లేకుండా మర్రి, చింత నరకడానికి వీల్లేదు. ఈ రెండు మాటలూ సభలో గట్టిగా చెప్పండి.

జామతోట (కడియం వైపు)

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ నిజమే అయి ఉంటాయి. కానీ నా బాధ కూడా వినండి. నాకు రెండెకరాల జామ ఉంది. మామిడిలో కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ రకాల చెట్లు కొన్ని ఉన్నాయి. జామ చెట్టు మీద దోరపడితేనే దానికి రుచి, ధర. ఆ దోరపండు మీదే గబ్బిలం పడుతుంది. తిన్నదానికంటే కొరికి పడేసింది ఎక్కువ. ఒక్క గోరుగీటు ఉన్నా కొట్టువాడు కాయను పక్కన పడేస్తాడు. డబ్బాలు కట్టాం, లైట్లు పెట్టాం, రాత్రంతా మనిషిని కాపలా పెట్టాం. కొన్నాళ్లు బెదురుతాయి, తర్వాత అలవాటు పడిపోతాయి. అడవులకు, ఏజెన్సీకి మేలు జరుగుతుందంటే సంతోషమే. ఆ మేలుకు ఖర్చు మాత్రం నా తోట పెట్టుకోవాలా? పక్క రైతు పాత చేపల వలలు కప్పాడు. పొద్దున చూస్తే పిల్లతో సహా తల్లి చిక్కుకుని చచ్చి ఉంది. వాళ్లావిడ ఆ రోజు అన్నం తినలేదు. మాకు వాటిని చంపాలని లేదు. పంట దక్కించుకోవాలని ఉంది.

రావులపాలెం అరటి

అరటి సంగతి నేను చెబుతాను. మా చుట్టుపక్కల చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి, బొంత అన్నీ ఉన్నాయి. మార్కెట్‌కు పోయే గెలను పచ్చిగా ఉండగానే కోస్తాం. గబ్బిలం ముట్టేది పండును. కాబట్టి అమ్మే పంటలో మాకు నష్టం దాదాపు లేదు. కోయడం మరిచిపోయి చెట్టున పండిన గెల మాత్రం మిగలదు. రాత్రిపూట అరటిపువ్వు దగ్గరకు కూడా వస్తాయి, తేనె తాగి పోతాయి. దాని వల్ల గెలకు ఏమీ కాదు.

కొబ్బరికి కూడా వీటి వల్ల ఇబ్బంది పడ్డవాళ్లను నేను చూడలేదు. కోనసీమలో ఎక్కువ తోటలు ఈ రెండు పంటలవే. సభలో "మన పంటంతా పోతోంది" అనేవాళ్లను ఏ పంట అని అడగండి. జామ, మామిడి, సపోటా వాళ్లది వేరే లెక్క. జామతోట అన్నయ్య బాధ నిజమైనదే.

జువాలజీ మాస్టారు (అమలాపురం)

జామతోట గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. అందరికీ జరిగే మేలుకు ఒక్క రైతు మూల్యం చెల్లించడం అన్యాయం. దీనికి చంపడం మందు కాదనడానికి ఒక దేశపు అనుభవం ఉంది. మారిషస్‌లో లిచీ, మామిడి తోటల వాళ్లు గోల పెడితే 2015, 2016లలో ప్రభుత్వమే 30,000కు మించి గబ్బిలాలను చంపించింది. ఆ తర్వాత పండ్ల దిగుబడి పెరగలేదు. ఆ గబ్బిలం జాతి మాత్రం అంతరించే ప్రమాదంలో పడింది.

చేపల వల వద్దే వద్దు. సన్నని నైలాన్ దారం చీకట్లో కనపడదు, వదులుగా వేలాడుతుంది కనుక రెక్క చుట్టుకుపోతుంది. తెల్లటి, మందపాటి దారంతో అల్లిన వల తీసుకోండి. కన్ను చిటికెనవేలు కూడా దూరనంత చిన్నదిగా ఉండాలి. కొమ్మల మీద పరవకుండా వెదురు చట్రం కట్టి బిగుతుగా లాగితే గబ్బిలం దాని మీద వాలి, లోపలికి పోలేక వెళ్లిపోతుంది. రెండెకరాలకూ వేయడం కష్టం, నిజమే. జామకు అంతకంటే తేలికైనది కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే సంచి తొడగడం. నురుగు వల తొడుగు, దాని మీద పాలిథిన్ సంచి. పండుఈగ పోటు కూడా తప్పుతుంది, రంగు బాగా వస్తుంది, కొట్టువాడు మంచి ధర ఇస్తాడు. కూలీ ఖర్చు అవుతుంది, కాదనను. వలలకు సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద రాయితీ ఇచ్చే అంశం ఉంది. రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుణ్ణి కలిసి పక్షుల వలల పేరుతో అడగండి. రాలిన పండ్లను సాయంత్రంలోపు ఏరేయడం కూడా మరిచిపోవద్దు.

తాటితోపు (రాజోలు వైపు)

మాది కల్లుగీత కుటుంబం. నాన్న ఇంకా చెట్టెక్కుతున్నారు. గబ్బిలాలు గెల కోసిన చోట కారే రసం నాకుతాయి, కుండ మూతి మీద వాలుతాయి. ఇది మాకు కొత్త విషయం కాదు. నాన్న కుండకు తాటాకు మూత కడతారు. ఫోన్లో వచ్చిన సందేశాల్లో కల్లు తాగితే నిపా వస్తుందని రాస్తున్నారు. మాకు బేరాలు పడిపోతున్నాయి. అది నిజమా కాదా అన్నది తెలిసినవాళ్లు స్పష్టంగా చెప్పాలి. నిజమైతే జాగ్రత్త పడతాం. అబద్ధమైతే మా పొట్ట కొట్టకండి.

ఆరోగ్యం అక్క (పాలకొల్లు)

తమ్ముడూ, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. అడిగింది తేలిక ప్రశ్న కాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నిపా వైరస్‌కు సహజమైన ఇల్లు ఈ పెద్ద పండ్లగబ్బిలాలే. వాటికి దాని వల్ల జబ్బు చేయదు. 1998-99లో మలేసియాలో మొదట బయటపడింది. పందుల దొడ్ల మీద పండ్లచెట్లు ఉండేవి, గబ్బిలాలు కొరికిన పండ్లు కింద పడేవి, పందులకు సోకి వాటి నుంచి మనుషులకు సోకింది. బంగ్లాదేశ్‌లో దారి వేరు. అక్కడ చలికాలంలో ఖర్జూర జాతి ఈతచెట్టు గీసి పచ్చిరసం తెల్లవారుజామునే తాగుతారు. రాత్రి కెమెరాలు పెట్టి చూస్తే గబ్బిలాలు గీసినచోట నాకుతూ, కుండలో మూత్రం పోస్తూ కనిపించాయి. మన దేశంలో 2001లో సిలిగురిలో, 2007లో నదియా జిల్లాలో, 2018లో కోళికోడ్‌లో వచ్చింది. కోళికోడ్‌లో 17 మంది చనిపోయారు. ఆ తర్వాత కూడా కేరళలో కొన్నిసార్లు కనిపించింది. సోకినవాళ్లలో నూటికి 40 నుంచి 75 మంది దాకా చనిపోతారు, టీకా ఇంకా అందుబాటులోకి రాలేదు. కాబట్టి భయపడేవాళ్లను తప్పుపట్టలేం.

ఇప్పుడు రెండో వైపు. ఈ వైరస్ గబ్బిలం తల మీదుగా ఎగిరితే రాదు, చెట్టు కింద నడిస్తే గాలిలో వచ్చి అంటుకోదు. వాటి ఉమ్మి, మూత్రం పడినదాన్ని పచ్చిగా మింగడం, జబ్బుపడిన మనిషికి లేదా జంతువుకు దగ్గరగా మెలగడం, ఇవీ దారులు. సిలిగురిలోనూ కోళికోడ్‌లోనూ ఎక్కువమందికి సోకింది ఆసుపత్రుల్లో, రోగుల నుంచే.

కల్లు విషయంలో నా సలహా ఇది. పులిసింది కదా, ఏమీ కాదని అనుకోవద్దు. బంగ్లాదేశ్‌లో పులిసిన కల్లు తాగి జబ్బుపడినవాళ్లు కూడా ఉన్నారు. మీ నాన్నగారు కుండకు మూత కట్టడం మంచిదే కానీ అది చాలదు. గీసిన చోటు తెరిచే ఉంటే గబ్బిలం అక్కడ నాకుతుంది, ఆ రసమే జారి కుండలోకి వస్తుంది. అక్కడి ఊళ్లలో వెదురుబద్దలతో తడిక అల్లి, గీత పెట్టినచోటు నుంచి కుండ మూతి దాకా కలిపి చుట్టేస్తారు. అలా చుట్టిన చెట్ల దగ్గర గబ్బిలాలు రసాన్ని తాకలేకపోవడం కెమెరాల్లో కనిపించింది. ఖర్చు తక్కువ, వెదురు మనకూ దొరుకుతుంది. మీరు అది కట్టి, కట్టామని చెప్పి అమ్మితే బేరం పోదు, పెరుగుతుంది. తాటిబెల్లానికి భయం లేదు, రసం సలసలా కాగుతుంది కాబట్టి వైరస్ చస్తుంది.

మిగతా అందరికీ: గబ్బిలం కొరికిన పండు ఎంత బాగున్నా పారేయండి, కొరికినచోటు కోసేసి తినడం వద్దు. మిగతా పండ్లు కడిగి తినండి. నీళ్ల ట్యాంకులకు, బావులకు మూతలు ఉండాలి. కింద పడిన గబ్బిలాన్ని వట్టి చేతులతో ముట్టవద్దు. కరిచినా గీరినా సబ్బునీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వచ్చి రేబిస్ టీకా గురించి అడగండి.

హైదరాబాద్‌లో కోనసీమ

బిహార్‌లో వైశాలి జిల్లా సర్సయి అనే ఊళ్లో ఈ గబ్బిలాలను ఊరికి కాపలా అని నమ్మి పూజిస్తారు. మన ఊళ్లోనూ గుడి చెట్టు మీద ఉన్నవాటి జోలికి ఎవరూ పోరు కదా. ఆ భయభక్తులు కాస్త మిగలాలని నా కోరిక.

గౌతమిగట్టు (కోనసీమ)

అక్కా, మాస్టారూ, చాలా ఉపకారం. ఒక సందేహం. "జాగ్రత్తలు పాటించడం కంటే వాటిని తరిమేస్తే పోతుంది కదా" అని ఇక్కడ అందరూ అనే మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు.

జువాలజీ మాస్టారు (అమలాపురం)

దీనికి జవాబు ఆస్ట్రేలియా నుంచి చెబుతాను. అక్కడ నిపాకు దగ్గరి చుట్టం లాంటి హెండ్రా అనే వైరస్ ఉంది. 1994లో బయటపడింది. గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు సోకుతుంది. పాతికేళ్ల సమాచారం పోగుచేసి శాస్త్రవేత్తలు 2022లో ఫలితాలు ప్రకటించారు. చలికాలంలో పూసే అడవిచెట్లు నరికివేతకు గురై తిండి కరువైనప్పుడు, పెద్ద గుంపులు విడిపోయి చిన్న గుంపులుగా ఊళ్ల పక్కకు, పొలాల్లోకి చేరాయి. ఆకలితో ఉన్న గబ్బిలాల నుంచి వైరస్ ఎక్కువగా బయటికి వచ్చింది. గుర్రాలకు సోకడం ఆ కాలంలోనే పెరిగింది. అడవిలో పూత బాగున్న చలికాలాల్లో అవి అటే వెళ్లిపోయేవి, గుర్రాలకు సోకేది కాదు.

మీ ఊరికి అన్వయించి చూడండి. ఇప్పుడు అవన్నీ చెరువు గట్టున నాలుగు చెట్ల మీద ఉన్నాయి. ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. అక్కడ కింద ఏం జాగ్రత్త పడాలో ఒక్కసారి ఏర్పాటు చేసుకుంటే సరిపోతుంది. టపాసులు కాలిస్తే మాయమైపోవు. ఇళ్ల మధ్య మామిడిచెట్లకు, బడి ఆవరణలో చెట్లకు, పశువుల పాక పక్కన వెదురుపొదలకు చెదిరిపోతాయి. ఫిబ్రవరి-మే మధ్య తరిమితే పాలుతాగే పిల్లలు రాలి పడతాయి, వాటిని మన పిల్లలే వెళ్లి ఎత్తుకుంటారు. చేతులారా దగ్గర చేసుకోవడం అంటే ఇదే. 2020లో కరోనా వచ్చినప్పుడు కూడా ఇలాగే చెట్లు కొట్టాలన్నారు. మన దేశపు గబ్బిలాల్లో భారత వైద్య పరిశోధన మండలి కొన్ని కరోనా వైరస్‌లను కనిపెట్టింది. అవి మనుషులకు సోకుతాయనడానికి ఆధారం లేదని కూడా అప్పుడే చెప్పింది.

అంగన్‌వాడీ సంగతి విడిగా చూడాలి. చిన్నపిల్లలున్న చోట జాగ్రత్తల్లో ఏ మినహాయింపూ ఉండకూడదు. కప్పు మీదికి వంగిన కొమ్మలను మాత్రం తీయించండి. గబ్బిలం పిల్లలు ఎగరడం నేర్చాక, శ్రావణం దాటాక చేయించండి, ఒకేసారి మొత్తం తీయకండి. పిల్లలు నడిచే దారికి రేకు వేయించండి. ఆటస్థలం చెట్లకు రెండో వైపుకు మార్చండి.

లైన్ పని (ముమ్మిడివరం)

విద్యుత్ లైన్ల మీద పనిచేస్తాను. మీరెవరూ అనని మాట ఒకటి ఉంది. ఈ గబ్బిలాలు ఎక్కువగా చనిపోయేది మా తీగల మీద. 11 కేవీ లైనులో తీగకూ తీగకూ మధ్య దూరం వీటి రెక్కల వెడల్పు కంటే తక్కువ. ఒక తీగకు వేలాడి రెక్క విప్పితే రెండోది తగులుతుంది. పండ్లచెట్ల పక్కనుంచి, కాలువ గట్ల వెంట పోయే లైన్ల మీద ఎక్కువ చూస్తాం. మార్చి, ఏప్రిల్‌లో తల్లి కాలిపోయి వేలాడుతుంటే పొట్టకు పిల్ల ప్రాణాలతో ఉండటం నేను చూశాను. ఆ రోజు లైను ఆపించి దించాం.

చెరువు గట్టు పక్కనుంచి లైను పోతుంటే, ఆ భాగానికి పైపొర ఉన్న తీగ వేయమని పంచాయతీ నుంచి దరఖాస్తు పెట్టించండి. లైను ట్రిప్ అయ్యే బాధ మాకూ తప్పుతుంది. ఒక ముఖ్యమైన మాట: తీగ మీద గబ్బిలం ఉంటే కర్రతో, వెదురు గెడతో లాగవద్దు. తడి వెదురు కరెంటు పట్టిస్తుంది. మాకు ఫోను చేయండి, చాలు.

ఉండి చెరువులు

మా వైపు చేపల చెరువుల మీద నీటికాకులు, కొంగలు వాలకుండా నైలాన్ తీగలు అడ్డంగా లాగుతాం. సాయంత్రం లేవగానే ఈ గబ్బిలాలు చెరువు మీదికి దిగి, పొట్ట నీళ్లకు తాకించి ఎగిరిపోతాయి, తర్వాత ఆ తడి నాకుతాయి. అదే వాటి నీళ్లు తాగడం. సన్నతీగ వాటికి కనపడదు. తెగిన రెక్కతో గట్టున పడి ఉన్నవాటిని చూశాక నేను సన్నతీగ తీసేసి లావుపాటి తెల్ల తాడు వేయించాను, మధ్యమధ్య తెల్లగుడ్డ పీలికలు కట్టించాను. గట్టు వెంబడి ఒక పక్క ఖాళీ వదిలాను. కొంగల బాధ పెరగలేదు. గబ్బిలాలు ఆ ఖాళీ వైపే దిగుతున్నాయి.

కోరంగి వైపు

మాంసం కోసం పట్టేవాళ్ల సంగతి కూడా రాయాలి. ఉబ్బసానికి మందు అని చెప్పి అమ్ముతారు. రాత్రిపూట చెట్ల మధ్య వల కట్టి పడతారు. ఉబ్బసం దాంతో తగ్గుతుందనడానికి ఏ రుజువూ లేదు. జబ్బు భయంతో చెట్లు కొట్టమనే ఊళ్లలోనే కొందరు ఆ మాంసాన్ని రహస్యంగా కొనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కోసేటప్పుడు నెత్తురు, ఉమ్మి చేతులకు అంటేది వాళ్లకే కదా. అక్క చెప్పిన దారుల్లో ఇంతకంటే దగ్గరి దారి లేదు. అలా పట్టేవాళ్లు కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి.

ఇంకొక సంగతి ఎండలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం గుంపు దగ్గరకు వెళ్లి చూడండి. రెక్కలతో విసురుకుంటాయి, ఒళ్లు నాకి తడి చేసుకుంటాయి, ఇంకా తట్టుకోలేకపోతే కింది కొమ్మలకు దిగుతాయి. 42 డిగ్రీలు దాటితే వీటి దగ్గరి జాతులు గుంపులుగా రాలిపోవడం ఆస్ట్రేలియాలో చాలాసార్లు నమోదైంది. 2020 మేలో గోరఖ్‌పూర్ జిల్లాలో వందల సంఖ్యలో చచ్చి పడితే అందరూ కరోనా అనుకున్నారు. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షించి ఎండదెబ్బ అని తేల్చింది. చెరువు గట్టు చెట్లను అవి ఎంచుకోవడానికి నీళ్ల చల్లదనం ఒక కారణం. 216 జాతీయ రహదారి వెడల్పు చేసినప్పుడు మా వైపు రోడ్డు పక్క పెద్ద చెట్లు ఎన్నో పోయాయి. మిగిలినవి మీలాంటి ఊళ్లలోని చెరువు గట్లు, గుడి ఆవరణలే.

తాటితోపు (రాజోలు వైపు)

అక్కా, తడిక అల్లించాను. తాటిచెట్టుకు గెలలు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఒక్కో గెలకు విడిగా గొట్టంలా చేయించాం. నాన్న మొదట ఒప్పుకోలేదు, రోజుకు రెండుసార్లు గీయాలి, విప్పి కట్టడానికి పొద్దు పోతుందన్నారు. ఒక పక్క ముడి లాగితే తెరుచుకునేలా చేశాక సరేనన్నారు. రెండు చెట్లకు కట్టాం, మిగతావాటికి వెదురు కొట్టిస్తున్నాం.

ఆరోగ్యం అక్క (పాలకొల్లు)

చాలా సంతోషం తమ్ముడూ. ముడి ఎలా వేశారో ఫొటో పెట్టండి, మిగతా గీత కార్మికులకు పనికొస్తుంది. తడిక కింది అంచు కుండ మూతి కంటే జానెడు కిందికి ఉండాలి. పైన గెల మొదట్లో సందు లేకుండా చూసుకోండి. రెట్టలు పడిన తడికను కడిగి ఎండబెట్టాకే మళ్లీ కట్టండి.

గౌతమిగట్టు (కోనసీమ)

సభ జరిగింది. మీరు చెప్పినవన్నీ రాసుకుని వెళ్లి చదివాను. రెండో షెడ్యూలు, వాల్టా అన్న మాటలకు టపాసుల వాళ్లు వెనక్కి తగ్గారు. అయితే సభ మనసు మార్చింది చట్టం కాదని నాకనిపించింది. "తరిమితే మీ ఇంటి మామిడిచెట్టు మీదికి వస్తాయి" అన్న మాస్టారి మాట చెప్పినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి "ఉన్నచోటే ఉండనివ్వండి" అని గట్టిగా వినిపించింది. చెట్లు ఉంచాలని తీర్మానం రాశారు. అంగన్‌వాడీ కప్పు మీది కొమ్మలు వానలు తగ్గాక తీస్తారు. దారికి రేకు, ట్యాంకుకు మూత వెంటనే. లైనుకు దరఖాస్తు పెట్టారు. ఆయాకు మాత్రం ఇంకా తృప్తి లేదు. రోజూ ఆ నేల ఊడ్చేది ఆవిడే. ఆ పనికి మనిషిని ఇస్తామన్నారు, ఇచ్చేదాకా నేను అడుగుతూనే ఉంటాను.

జామతోట (కడియం వైపు)

మంచి పని చేశారు. నేను ఈ కాపుకు రెండు వరుసలకు సంచులు తొడిగాను. తొడిగిన కాయ బాగుంది, ధర కూడా తేడా ఉంది. కూలీ లెక్క వేస్తే మొత్తం తోటకు తొడగడం నా వల్ల కాదు. వలల రాయితీకి దరఖాస్తు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. మీ తీర్మానంలో చెట్లు ఉంచాలని ఉంది, పిల్లల జాగ్రత్త ఉంది. మీ ఊళ్లో జామ, మామిడి వేసినవాళ్ల గురించి ఒక్క వాక్యమైనా ఉందా?

గౌతమిగట్టు (కోనసీమ)

లేదు అన్నయ్యా. మా ఊళ్లో అలాంటి రైతులు నలుగురైదుగురే, వాళ్ల మాట మిగతా గోలలో వినపడలేదు. మా చెరువుకు ఏటా చేపల పాట పెడతారు. ఆ డబ్బులో కొంత వాళ్లకు వలలు కొనడానికి ఇవ్వవచ్చా అని సర్పంచి గారిని అడిగాను. ముందు లెక్క చూపించమన్నారు. ఎకరానికి తెల్లవల, వెదురు చట్రం కలిపి ఎంత పడుతుందో ఇక్కడ ఎవరికైనా తెలిస్తే రాయండి.

రావులపాలెం అరటి

మా మార్కెట్ దగ్గర వలలు అమ్మే కొట్టు ఉంది. కన్ను సైజుల వారీగా ధరలు అడిగి రేపు సాయంత్రానికి పెడతాను. వెదురు మాత్రం మీ దగ్గరే చూసుకోండి, రవాణా కలిసొస్తుంది.